తలుపు దగ్గర స్టూలు

మే 28

ఈ ఇంట్లో నాకంటూ మిగిలిన చోటు ఈ డైరీ ఒక్కటే. రేపో మాపో దీని అట్ట కూడా అన్నయ్యే తెరిచి పట్టుకుని "రండమ్మా" అంటాడేమో.

ఎవరొచ్చినా ఆయనే. బెల్ కొట్టే పని లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడితే చాలు, లేచి నిలబడతాడు. తలుపు తీసి ఒక పక్కకి ఒదిగి, "రండమ్మా, రండి సార్" అంటాడు. పేపరువాడికీ అదే మర్యాద, కరెంటు మీటరు చూసేవాడికీ అదే మర్యాద. వయసంతా ఒక పెద్ద ఆఫీసుల భవనంలో లిఫ్ట్ నడిపిన మనిషి. పైన లిఫ్ట్ మోటారు గదిలోనే పక్క. పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. ఆ భవనం కూలగొట్టాక ఒక సంచీ, లిఫ్ట్‌లోని స్టూలూ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సోఫా ఉంది, కుర్చీలున్నాయి. అయినా ఆ స్టూలు తలుపు పక్కన వేసుకుని దాని మీదే కూర్చుంటాడు. చూసేవాళ్ళు ఏమనుకుంటారన్న ఆలోచన వీసమెత్తు లేదు.

"రెండు రోజులుంటానే బుల్లీ" అన్నాడు వచ్చినప్పుడు. ఆ రెండు రోజులూ ఇంకా అవుతూనే ఉన్నాయి.

నిన్న మా అకౌంట్స్ ఆఫీసరు భార్యతో కలిసి వచ్చాడు. అన్నయ్య తలుపు తీశాడు. ఆవిడ కూర్చుంటూనే, "మనిషిని పెట్టుకున్నారా? మాకెక్కడా నమ్మకమైనవాళ్ళు దొరకడం లేదండీ" అంది.

"ఆ" అన్నాను.

ఏమనమంటారు మరి? నగరపాలక సంస్థలో నిరాశ్రయుల విభాగం అధికారిని. నా ఇంట్లోనే ఒక నిరాశ్రయుడు గుమ్మం కాస్తున్నాడని చెప్పుకోమంటారా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అన్నయ్య విన్నట్టు లేడు. తలుపు మెల్లగా వేశాడు, అంతే.

మే 30

"బావగారుంటే నాకు స్టార్ హోటల్లో ఉన్నట్టుంది" అన్నాడు మా ఆయన, అన్నయ్య చేత తలుపు తీయించుకుని లోపలికి వస్తూ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఈయనకి లోకంలో దేని మీదా కోపం రాదు. ఈయన వంతు కోపం కూడా నేనే పడి చస్తున్నాను.

జూన్ 2

కౌన్సిల్ బడ్జెట్ సమావేశం. కమిషనర్ అందరి ముందూ నా పేరెత్తి మెచ్చుకున్నాడు. ఏడాదిలో నగరంలో నిరాశ్రయులు సగానికి సగం తగ్గారట. అంతా నేను రాసిన నిబంధన చలవేనట.

నిబంధన తేలికే. బంధువుల ఇంటి కప్పు కింద పడుకునేవాడు నిరాశ్రయుడు కాడు. మా సర్వే టీం రెండు వేర్వేరు వారాల్లో, తెల్లవారుజామున, రోడ్డు పక్కన పడుకుని ఉండగా కళ్ళారా చూస్తేనే నిరాశ్రయుడు. మధ్యలో ఏ బంధువు గడప తొక్కినా లెక్క మళ్ళీ మొదటికే. అంతకుముందు ఎవరు పడితే వాళ్ళు వచ్చి గది అడిగేవాళ్ళు. తమ్ముడితో పడక ఒకడు, కోడలితో పడక ఒకతి. ఊరంతటికీ పుట్టిల్లు పెట్టడానికి నగరపాలక సంస్థ ఏమైనా వాళ్ళ మేనమామా?

సర్వే పిల్ల లేచింది. సర్వే టీం అంతా కలిపి ఈ పిల్ల, ఒక డ్రైవరు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, నోరు మాత్రం అందరికన్నా సీనియరు.

"తగ్గలేదు సార్. మనం చూడటం తగ్గించాం. వాళ్ళంతా చుట్టాల మెట్ల కింద, వరండాల్లో ఉన్నారు."

"చుట్టాలున్నారుగా మరి! అదే కదా మనం కోరుకునేది" అన్నాడు కమిషనర్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనుషులు తగ్గినప్పుడు డబ్బు మాత్రం ఎందుకు తగ్గకూడదని, మా విభాగం నిధుల్లో పెద్ద ముక్క కోసి నాలుగు రోడ్ల కూడలిలో రంగు దీపాలకి ఇచ్చేశారు. మిగిలినదాంతో పాత టెలిఫోన్ ఆఫీసును కొత్త షెల్టరుగా మారుస్తున్నాం. మనిషికో గది, తాళంతో సహా. అందులో ఇనుప జాలీ తలుపుల పాత లిఫ్ట్ ఒకటుంది. దాన్ని బాగుచేయించి, నడపడానికి ఒక మనిషిని పెట్టాలని సర్వే పిల్ల రాసింది. మరమ్మతుకి సరే అన్నాను. మనిషి జీతం కొట్టేశాను. మీట నొక్కడానికి కూడా మనిషి కావాలా?

ఇంటికి వస్తే అన్నయ్య తలుపు తీసి పట్టుకున్నాడు. ఒళ్ళు మండింది.

జూన్ 4

ఆలోచించే చేస్తున్నాను. ఆవేశం కాదు.

కొత్త షెల్టరులో సొంత గది. సొంత తాళం. ఈ వయసులో ఆయనకి అంతకన్నా ఏం కావాలి? ఇక్కడ హాల్లో చాప మీద పడుకుంటున్నాడు. ఇది నా మంచికి కాదు, ఆయన మంచికే. నిబంధన నాకు కంఠతా వచ్చు కాబట్టి పని సులువు. సర్వే టీం రెండుసార్లు చూడాలి, అంతే.

భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన కంచంలో చెయ్యి ఆపేసి, "అంటే బావగారిని రోడ్డు మీద పడుకోబెడతావా?" అన్నాడు.

"పడుకోబెట్టడం ఏంటండీ, కొన్నాళ్ళేగా. బస్ డిపో గోడ పక్కన రేకుల పంచ ఉంది, వాన కూడా పడదు."

అన్నయ్య మాత్రం, "అక్కడ లిఫ్టుందంటున్నావు, నడుస్తోందా?" అన్నాడు.

"బాగుచేయిస్తున్నాం."

"అయితే అలాగేలేవే."

అడిగింది అదొక్కటే. ఆయనకీ ఇష్టమే. మా ఆయనకే లేనిపోని బాధ.

జూన్ 5

వెళ్ళేముందు అన్నయ్య చేత జవాబులు చదివించాను.

"ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. ఎవరూ లేరనాలి."

"నువ్వున్నావుగా."

"ఉన్నానులే. లేనని చెప్పాలి."

"నా నోట అబద్ధం సరిగ్గా రాదే బుల్లీ."

"అలవాటవుతుంది. అను చూద్దాం."

"నాకెవరూ లేరు" అన్నాడు. నవ్వొచ్చింది ఆయనకి. మళ్ళీ అనిపించాను. మూడోసారికి నవ్వకుండా అన్నాడు.

సంచీ తీసుకుని వెళ్ళాడు. స్టూలు వదిలేశాడు. రోడ్డు మీద పడుకునేవాడి దగ్గర స్టూలుంటే అనుమానం వస్తుందని నేనే వద్దన్నాను. చిన్నప్పుడు ఆయన లిఫ్ట్‌కి వెళ్తే నన్ను ఆ స్టూలు మీద నిలబెట్టేవాడు, మీటలు అందడానికి. అన్ని ఫ్లోర్లూ నొక్కేసేదాన్ని. లోపలున్న కోటువాళ్ళు విసుక్కుంటే, "మా చెల్లెలు సార్" అనేవాడు. అదేదో వాళ్ళంతా లేచి నమస్కారం పెట్టాల్సిన సంగతిలా.

ఇవాళ హాలు ఎంత పెద్దగా ఉందో.

జూన్ 8

దరిద్రం నెత్తిన పెట్టుకుని పుట్టాను. ఎవరో పెద్దమనుషులు ఆ దారిన కారులో పోతారట. వాళ్ళ కళ్ళకి గోడ పక్కన మనుషులు కనబడకూడదని మా పారిశుద్ధ్యం వాళ్ళు చీకటుండగానే వెళ్ళి అందరినీ లేపి తరిమేశారు. పైపులు పెట్టి పేవ్‌మెంట్ కడిగారట. ఆ వెనకే మా సర్వే టీం వెళ్ళింది. తడి నేల తప్ప ఎవరూ లేరు.

పారిశుద్ధ్యం వాళ్ళు మా పై ఫ్లోరులో కూర్చుంటారు. ఒకే క్యాంటీన్, ఒకే టీ. ఒకరు మనుషుల్ని లెక్కపెట్టడానికి, ఇంకొకరు లెక్కకి దొరక్కుండా తరమడానికి జీతాలు తీసుకుంటున్నారు. వెళ్ళి అరిచాను. "మీకెందుకు మేడం అంత బాధ?" అన్నాడు అక్కడి గుమాస్తా. వాడి బల్ల మీద దుమ్ము గురించి తిట్టి వచ్చేశాను.

జూన్ 10

చూశారు. ఒకటి అయింది.

"డిపో దగ్గర ఒక పెద్దాయన కనబడ్డారు మేడం" అంది సర్వే పిల్ల. "నేను దిగుతుంటే లేచి వచ్చి మా జీపు తలుపు తీసి పట్టుకున్నారు. 'రండమ్మా' అన్నారు. నాకు ఏడుపొచ్చింది."

దేనికైనా ఏడుస్తుంది ఈ పిల్ల. ఫైలు మీద కన్నీళ్ళు పడకుండా చూసుకోమన్నాను.

ఇంకొక్కటి. వచ్చే వారం ఇంకొక్కసారి కనబడితే చాలు.

జూన్ 13

వాన. బెల్ మోగింది. తియ్యలేదు.

జూన్ 14

మా ఆయన మాట్లాడటం లేదు.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసుకుంటే తప్పెవరిదో తేలిపోతుంది. నిన్న సాయంత్రం సర్వే పిల్ల ఫైళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చింది. రావద్దన్నా వచ్చింది. నిబంధనలో మార్పులు రాసుకొచ్చిందట, సమావేశం లోపు నాకు చూపించాలట. ఇద్దరం సోఫాలో కూర్చున్నాం. మా ఆయన ఇంకా రాలేదు. బయట ఒకటే వాన. ఆ రేకుల పంచ ఏ మూలకి సరిపోతుంది, గాలివాటు వానకి? అది ముందే తెలియాలంటే నేనేమైనా జ్యోతిష్కురాలినా?

బెల్ మోగింది. ఒక్కసారే. పొట్టిగా.

తలుపు తియ్యడానికి ఆ పిల్ల లేవబోయింది. "కూర్చో" అన్నాను. "పిల్లలు. మెట్ల మీద అల్లరి. బెల్ కొట్టి పారిపోతుంటారు, వదిలెయ్" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, వాన చప్పుడులో దానికి వినబడాలి కదా.

తీసి ఉంటే ఏమయ్యేది? డిపో దగ్గర చూసిన మనిషిని అది ఇట్టే గుర్తుపట్టేది. బంధువు గడప తొక్కాడు కాబట్టి లెక్క మొదటికి వచ్చేది. ఆయన గదీ పోయేది, నా ఉద్యోగమూ పోయేది. ఆయన కోసమే తియ్యలేదు. ఆయన కోసమే. అసలు అది ఆయనో కాదో కూడా నాకు తెలియదు. బెల్ అందరూ కొడతారు.

ఆ పిల్ల వెళ్ళేటప్పుడు గుమ్మం బయట ఆగి, "ఎవరో బాగా తడిసి నిలబడ్డట్టున్నారు మేడం" అంది. గచ్చు మీద రెండు పాదాల మేర నీళ్ళు.

మా ఆయన వచ్చాక చెప్పాను, పిల్లల అల్లరి అనే చెప్పాను. నీళ్ళు ఇంకా ఆరలేదు.

"మన బిల్డింగులో పిల్లలెవరున్నారు?" అన్నాడు.

అంతే. గొడుగు తీసుకుని డిపోకి వెళ్ళాడు. చాలాసేపటికి ఒంటరిగా తిరిగొచ్చాడు. అన్నయ్య అక్కడ లేడట. పెళ్ళయ్యాక మొదటిసారి ఈయనకి కోపం రావడం చూశాను. అరిస్తే బాగుండేది. అరవడం ఎలాగో నాకు తెలుసు.

జూన్ 17

ఈ రోజు గురించి రాయకపోయినా పరవాలేదు. కానీ రాస్తాను.

సమావేశంలో సర్వే పిల్ల తన కాగితం చదివింది. రెండుసార్లు కనబడాలన్న షరతు తీసేయాలట, చుట్టాల ఇంటి ముచ్చట కూడా తీసేయాలట. "తలదాచుకోవడానికి ఒక రాత్రి చెల్లెలింటికి వెళ్ళిన మనిషికి గది లేదంటే, మనమే ఆ చెల్లెలి చేత తలుపు వేయిస్తున్నట్టు సార్" అంది. చెల్లెలు అనే ఎందుకంది? అక్క అనొచ్చు, తమ్ముడనొచ్చు. నా మొహం చూడలేదు. ఏమీ తెలియదు దానికి.

కమిషనర్ ఆశ్చర్యంగా మెత్తబడ్డాడు. ఎవరో పత్రికవాళ్ళు రాశారట. నా వైపు తిరిగి, "నిబంధన మీరు రాసింది. మీరేమంటే అది. ఇప్పుడే తీసేద్దామా?" అన్నాడు.

ఊఁ అంటే చాలు. ఆ సాయంత్రమే జీపు పంపి అన్నయ్యని తీసుకొచ్చి గదిలో పెట్టొచ్చు. ఇంట్లో తల తుడుచుకుని, టీ తాగి మరీ వెళ్ళొచ్చు.

"వద్దు సార్" అన్నాను. "ఒక్కసారి సడలిస్తే గేట్లు ఎత్తేసినట్టే. నిజంగా అవసరమున్నవాడు రెండుసార్లు కనబడటానికి వెనకాడడు."

నా గొంతే. చక్కగా, తొణకకుండా వచ్చింది. నా నిబంధనని నేనే కాదంటే, ఇన్నాళ్ళూ తప్పు చేశానని ఒప్పుకున్నట్టు కాదూ? ఆ పిల్ల ముందా? అదీకాక, ఎందుకు మనసు మారిందని ఎవరైనా అడిగితే? అన్నిటికీ కారణాలున్నాయి. మంచి కారణాలే.

నిబంధన ఉంచేశారు. సర్వే పిల్ల కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. ఈసారి ఏడవలేదు.

జూన్ 18

అన్నయ్య మళ్ళీ డిపో దగ్గరే ఉన్నాడని మా ఆయన గోడకి చెప్పాడు. గోడ పక్కన నేనున్నాను. దగ్గు పట్టిందట. ఇంటికి రమ్మంటే, "బుల్లికి ఇబ్బంది" అన్నాడట.

అలా అన్నాడంటే కోపం లేదన్నమాటే.

జూన్ 22

అయిపోయింది. రెండోసారీ చూశారు. గది ఇచ్చారు. మూడో ఫ్లోరు, కిటికీ ఉన్నది.

సర్వే పిల్ల నా బల్ల ముందు నిలబడి మరీ చెప్పింది. "ఆయనకి ఎవరూ లేరు మేడం. అసలెవరూ లేరా అని రెండోసారి కూడా అడిగాను. ఒక చెల్లెలుండేదట. పోయిందట."

"పోయిందా?"

"ఎప్పుడు పోయింది తాతగారూ అంటే, మొన్నటి వానలో అన్నారు. ఇంకేం అడుగుతాను, ఫారం మీద రాసేశాను."

చదివించింది ఒకటి, చెప్పింది ఒకటి. ఎవరూ లేరు అనమన్నాను. అంతవరకే. చంపమని ఎవరు చెప్పారు? అబద్ధం నోట సరిగ్గా రాదన్న మనిషి, ఎంత నేర్చుకున్నాడు!  మధ్యాహ్నం భోజనానికి లేవలేదు, ఫైళ్ళున్నాయి.

సాధించాను. అన్నయ్యకి గది వచ్చింది. నేను అనుకున్నదే జరిగింది. ఒక్కళ్ళయినా ఆ మాట అంటే బాగుండు.

జూన్ 30

కొత్త షెల్టరు తనిఖీకి నేనే వెళ్ళాలి. నా సంతకం పడితేనే రెండో విడత నిధులు వస్తాయి. ఇంకొకరిని పంపమని కమిషనర్‌ని అడిగాను. కుదరదన్నాడు.

తలుపు మీద చెయ్యి వెయ్యబోతుండగానే అది తెరుచుకుంది. అన్నయ్య. చిక్కిపోయాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. ఒక పక్కకి ఒదిగి, "రండమ్మా" అన్నాడు.

"నేను చెప్పిన పెద్దాయన ఈయనే మేడం" అంది సర్వే పిల్ల. "లిఫ్ట్ ఈయనే నడుపుతున్నారు. జీతం లేదు తాతగారూ అన్నా వినరు. మీరు పైకి వెళ్ళండి, నేను వంటగది చూసి వస్తా."

ఇద్దరమే. జాలీ తలుపు లాగాడు. లోపల స్టూలు లేదు. అది మా ఇంట్లో ఉంది. నిలబడే ఉన్నాడు.

"ఏ ఫ్లోరమ్మా?"

"మూడు" అన్నాను. నా చెయ్యి దానంతటదే మీట వైపు వెళ్ళింది.

"మీరు ముట్టుకోకండమ్మా. పాత లిఫ్టు." ఆయనే నొక్కాడు.

కదిలింది. గోడ కిందికి పోతోంది. "అన్నయ్యా" అన్నాను. జాలీ వైపే చూస్తున్నాడు. "స్టూలు పంపించనా?" అన్నాను. అడగాలనుకున్నది అది కాదు. తరవాత అడగాలనుకున్నదే అడిగాను. "ఇంటికి వచ్చెయ్యి అన్నయ్యా. గది పోతే పోయింది."

అప్పుడు తిరిగి చూశాడు. మామూలుగానే చూశాడు, ఎవరినైనా చూసినట్టు.

"ఒకింటికి వెళ్ళి బెల్ కొట్టానమ్మా, వానలో. మీకేమైనా వినబడిందా?"

వినబడలేదంటే చాలు. అంత మంచి మనిషి. నమ్మేస్తాడు, వచ్చేస్తాడు, మళ్ళీ నా తలుపు తీస్తాడు. అది నాకు తెలుసు.

"ఆ సాయంత్రం నేను ఇంట్లో లేను అన్నయ్యా" అన్నాను.

లిఫ్ట్ ఆగింది. ఆయన తొందరపడకుండా, ఫ్లోరు సరిగ్గా అందిందో లేదో చూసుకుని జాలీ తెరిచి పట్టుకున్నాడు.

"అలాగా అమ్మా. అయితే లోపల్నుంచి 'పిల్లలు, వదిలెయ్' అన్న గొంతు ఎవరిదో మరి. మూడో ఫ్లోరు. దిగండి."

దిగాను. గదులన్నీ బాగున్నాయని రాసి సంతకం పెట్టాను. కిందికి మెట్ల మీద వచ్చాను.

జూలై 2

బెల్ మోగింది. పరుగెత్తి తీశాను. పేపరువాడు, డబ్బుల కోసం. నా వెనకాల స్టూలు వైపు తొంగి చూసి, "పెద్దాయన లేరామ్మా?" అన్నాడు.

"ఇక్కడెవరూ లేరు" అన్నాను.